పదకొండు మంది ఉన్న ఇల్లు, మండే ఎండలు, బయట మహమ్మారి: రోజు నడిపే పద్ధతి

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంట్లో పదకొండు మంది: డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఇద్దరు, పిల్లలు ఐదుగురు, మిగిలిన నలుగురు పెద్దల్లో ఇద్దరికి ఇంటి నుంచే ఉద్యోగం. మూడు పడకగదులు, ఒక హాలు, రెండు స్నానాల గదులు. బయట కోవిడ్ లాంటి, గాలి ద్వారా అంటుకునే జబ్బు. పైన ఎండ. ఎవరికీ రాకుండా, వచ్చినా ఇంటిల్లిపాదికీ పాకకుండా, ఈలోగా ఎవరికీ వడదెబ్బ తగలకుండా రోజులు ఎలా నెట్టాలి?

చాలామంది ముందు శానిటైజరు గురించి, సరుకుల సంచులు కడగడం గురించి అడుగుతారు. పెద్ద కుటుంబానికి వేసవిలో అసలు తలనొప్పి కిటికీ. ఎండ దాన్ని మూయమంటుంది, జబ్బు తెరవమంటుంది. ఈ తగువు తీరిస్తే వంట, నిద్ర, పిల్లల ఆటలు, రోగి గది అన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

గది వేడి చూపే మామూలు థర్మామీటర్లు రెండు తెచ్చుకోండి. ఒకటి హాల్లో, ఇంకొకటి బయట నీడలో, గోడకు ఆనకుండా వేలాడదీయండి. బయటి అంకె లోపలి అంకెకన్నా తగ్గినప్పటి నుంచి, ఉదయం మళ్లీ దాన్ని దాటేవరకు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉంచండి. గడియారం చూసి తెరిచేవాళ్లు సాయంత్రం తొందరపడతారు, పొద్దున ఆలస్యం చేస్తారు. సూర్యుడు వాలాక కూడా గోడలు, నేల వేడిని కక్కుతూనే ఉంటాయి కాబట్టి బయట చల్లబడటానికి టైం పడుతుంది. దోమతెరలు, గ్రిల్లులు ఇప్పుడే బాగుచేయించుకోండి. దోమల భయంతో రాత్రి కిటికీ మూసుకునే ఇంట్లో ఈ పద్ధతి ఏదీ పనిచేయదు.

పగలు మూసి ఉంచే వేళల్లో గంటకోసారి ఐదారు నిమిషాలు ఎదురెదురు కిటికీలు తెరవండి. గాలి వీచకపోతే ఒక టేబుల్ ఫ్యాను కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టండి. చల్లదనమంతా పోతుందని భయపడక్కర్లేదు. గాలి పట్టి ఉంచే వేడి చాలా తక్కువ. ఇంటి చల్లదనం గోడల్లో, నేలలో, బరువైన సామానులో ఉంటుంది. లోపలి గాలి మొత్తం మారినా గోడలు చల్లగా ఉన్నంతసేపు గది మళ్లీ తేరుకుంటుంది. తెరిచిన కిటికీ సంగతి మర్చిపోయి గంటసేపు వదిలేస్తే మాత్రం గోడలూ వేడెక్కుతాయి, ఆ రోజుకిక చల్లబడవు. అందుకే ఈ పని ఒక్కరికే అప్పగించాలి, ఫోన్లో అలారం పెట్టాలి. పన్నెండేళ్ల పిల్లలు దీన్ని పెద్దలకన్నా శ్రద్ధగా చేస్తారు.

ఎండ పడే కిటికీకి లోపలి పరదా కన్నా బయటి అడ్డు చాలా మేలు. తడక, మందపాటి గుడ్డ, చెక్క ఏదైనా సరే. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ పరదాను వేడెక్కిస్తుంది, ఆ వేడి గదిలోనే మిగిలిపోతుంది.

కొనగలిగితే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి తీసుకోండి. మనం వదిలే ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది చెబుతుంది. ఆరుబయట అది 420 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు ఇన్ని వంతులని) దరిదాపుల్లో చూపిస్తుంది. హాల్లో 800 లోపు ఉంటే గాలి బాగా మారుతున్నట్టు. 1000 దాటితే గంట అయ్యేదాకా ఆగకుండా తెరవండి. మీటరును వంటగదిలో పెట్టకండి, గ్యాసు మంట వల్ల కూడా ఆ అంకె పెరుగుతుంది. గాలిని వడకట్టే యంత్రం ఉన్న గదిలో ఈ అంకె తగ్గదు, కానీ వైరస్ ఉన్న తుంపరలు తగ్గుతాయి. రెండింటినీ కలిపి చూసుకోవాలి. కొనే స్తోమత లేనివాళ్లకు 2020లో ఒక చవక దారి దొరికింది: నాలుగు మెర్వ్ 13 (సన్నటి తుంపరలను కూడా పట్టే రకం) ఫిల్టర్లను చదరంగా నిలబెట్టి, పైన చదరపు ఫ్యాను గాలిని పైకి తోసేలా అమర్చి, అడుగున అట్ట పెట్టి, అంచులన్నీ టేపుతో మూసేయడం. టేపు సందుల్లోంచి గాలి దూరితే అది ఉత్త ఫ్యానే.

ఇక ఏసీ. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. దాని జాలీ దుమ్మును ఆపుతుంది కానీ వైరస్‌ను ఆపదు. ఒకే ఒక్క ఏసీ గదిలో పదకొండు మంది పక్కలు వేసుకుని తలుపు బిగించడం కన్నా ప్రమాదకరమైన అలవాటు ఇంట్లో మరొకటి లేదు. వేయక తప్పకపోతే 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి, ఒక కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచి, సీలింగ్ ఫ్యాను కూడా తిప్పండి. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి. ఆ గదిలో ఒకే బృందం పడుకోవాలి. బృందాల సంగతి కింద చెబుతాను.

నీళ్ల కూలర్ ఈ విషయంలో ఏసీ కన్నా నయం, ఎందుకంటే అది బయటి గాలిని లాగి లోపలికి తోస్తుంది. షరతు ఒకటే: కూలర్ వెనుక భాగం బయటికి ఉండాలి, దానికి ఎదురుగా ఉన్న కిటికీ తెరిచి ఉండాలి. మూసిన గది మధ్యలో పెడితే తేమ పేరుకుని ఉక్కపోత మిగులుతుంది. ఉక్క ఎక్కువగా ఉండే చోట దీనివల్ల లాభం లేదు. వారానికోసారి తొట్టి పూర్తిగా వంచి, గోడలు తోమి ఆరబెట్టండి. దోమల గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు.

సీలింగ్ ఫ్యాను గాలిని మార్చదు, కలుపుతుందంతే. గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచకపోగా వేడిని ఒంటికి తోస్తుంది. అప్పుడు తడిగుడ్డతో చేతులు, మెడ, పాదాలు తుడుచుకుంటూ ఇంట్లో ఉన్న అన్నిటికన్నా చల్లటి గదికి మారాలి.

బృందాల విషయానికి వద్దాం. పదకొండు మందీ ఒకరికొకరు దూరంగా ఉండటం కుదరదు. కుదరని నియమం పెడితే మూడో రోజే గాలికిపోతుంది. దానికి బదులు మూడు బృందాలు చేయండి. ఒక్కో బృందం కలిసి పడుకుంటుంది, కలిసి తింటుంది. పెద్దవాళ్లిద్దరికీ రెండు వైపులా కిటికీలున్న గది ఇవ్వండి. వాళ్లతో ఉండే మనిషి బయటికి వెళ్లేవాడు కాకూడదు. సరుకులు, మందులు తెచ్చేది ఒక్కరే, వారానికి ఒకటి రెండుసార్లు, జనం పలచగా ఉండే వేళలో. ఆ మనిషి వేరే బృందంలో ఉండాలి, పెద్దవాళ్ల గదిలోకి మాస్కుతోనే అడుగుపెట్టాలి. హాల్లో పడుకునేవాళ్లు పక్కల మధ్య కనీసం ఒక మీటరు వదిలి, ఒకరి తల వైపు పక్కవాళ్ల కాళ్లు వచ్చేలా పడుకుంటే ముఖాల మధ్య దూరం పెరుగుతుంది.

ఇంట్లో మాస్కు లేకుండా, దగ్గరగా, మాట్లాడుతూ గడిపేది భోజనం దగ్గరే. మూడు బంతులుగా, ఇరవై నిమిషాల చొప్పున తినండి. పెద్దవాళ్ల బంతి మొదట, గది గాలి అప్పటికింకా శుభ్రంగా ఉంటుంది కాబట్టి. బంతికీ బంతికీ మధ్య ఐదు నిమిషాలు కిటికీలు తెరవండి. వడ్డించేది మాస్కు పెట్టుకున్న ఒక్కరు. గిన్నెలు వేడినీళ్లలో ముంచాలా అని అడిగితే, మామూలు సబ్బు, నీళ్లు చాలు.

వంటను ఉదయం కిటికీలు తెరిచి ఉండే వేళలోనే ముగించండి. పొయ్యి మీద రెండు గంటలు వండితే ఆ వేడి ఇల్లంతా పాకుతుంది. మధ్యాహ్నం మూసి ఉన్న ఇంట్లో వండితే గోడలు రాత్రిదాకా చల్లబడవు. ఐతే ముందే వండడంలో ఇంకో చిక్కు ఉంది. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, గది 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. పదకొండు మందికి వండిన పెద్ద గిన్నె నడుమ వేడి గంటల తరబడి తగ్గదు, సూక్ష్మజీవులు పెరిగేది అక్కడే. వండిన వెంటనే ఐదు సెంటీమీటర్ల లోతుకు మించకుండా వెడల్పాటి పళ్లేల్లోకి సర్ది, ఆవిరి పోయాక ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు మించకూడదు. పిల్లలు నిమిషానికోసారి తలుపు తెరిచే ఇంట్లో అది సులభంగా మించిపోతుంది. తాగే నీళ్లు ఫ్రిజ్‌లో కాకుండా బయట వేరే పాత్రలో పెడితే సగం గొడవ తీరుతుంది.

నీళ్ల లెక్క: పెద్ద మనిషికి ఎండల్లో రోజుకు రెండున్నర లీటర్ల చొప్పున వేసుకుంటే, పిల్లలకు కొంచెం తగ్గించి, తాగడానికే 25 లీటర్లు సిద్ధంగా ఉండాలి. ఎవరి సీసా వారిదే. ఒక్కోదానికి ఒక్కో రంగు రబ్బరు బ్యాండు వేయండి, చదవడం రాని పిల్లలు కూడా గుర్తుపడతారు. పెద్ద వయసులో దాహం సరిగా తెలియదు. ‘దాహం వేస్తే అడుగుతారులే’ అని వదిలేయకండి, రెండు గంటలకో గ్లాసు చేతికివ్వండి. గుండె, మూత్రపిండాల జబ్బుకు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్ల విషయంలో, నీరు తీసే మాత్రలు వాడేవాళ్ల విషయంలో మాత్రం ఎంత ఇవ్వాలో డాక్టరునే అడగండి. మూత్రం ముదురు రంగులో వస్తున్నా, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కసారీ రాకపోయినా నీళ్లు చాలట్లేదని అర్థం.

విరేచనాలు, వాంతులు, విపరీతమైన చెమట ఉంటే ఓఆర్‌ఎస్. ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. రుచి కోసం సగం నీళ్లలో కలిపితే మేలుకు బదులు కీడు, ముఖ్యంగా చిన్నపిల్లలకు. ప్యాకెట్టు దొరక్కపోతే ఒక లీటరు శుభ్రమైన నీటికి చెంచాతో మట్టంగా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే ఐదు మిల్లీలీటర్లది. ఉప్పు ఎక్కువైందని అనిపిస్తే పారబోసి మళ్లీ కలపండి. 24 గంటలు దాటితే పారబోయాలి.

స్నానాల గదుల్లో ఒకటి పెద్దవాళ్ల బృందానికి, రెండోది మిగిలినవాళ్లకు. టూత్‌బ్రష్‌లన్నీ ఒకే డబ్బాలో పెట్టకండి. ఒక విషయం ఎవరికీ తట్టదు: నేల మీద జాలీ కింద వంపు గొట్టంలో నిలిచే నీరే మురుగు గాలిని ఆపేది. వేసవిలో, వాడని గదిలో ఆ నీరు ఆవిరైపోతుంది. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్టుమెంట్లలో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటుజబ్బు మూడు వందల మందికి పైగా సోకినప్పుడు, ఇలా ఎండిపోయిన గొట్టాలు కూడా ఒక కారణమని విచారణలో తేలింది. వారానికోసారి ప్రతి జాలీలో అర లీటరు నీళ్లు పోయండి.

శుభ్రం చేయడానికి అంత ఆర్భాటం అక్కర్లేదు. తలుపు గడియలు, స్విచ్చులు, కుళాయిలు రోజుకోసారి చాలు. 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు, నీళ్లు 980 మిల్లీలీటర్లు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తుంది. ముందు సబ్బుతో మురికి తుడిచి, తర్వాత ఇది రాసి, కనీసం నిమిషం తడిగా ఉంచండి. ఎండకు, వేడికి దీని బలం తగ్గుతుంది కాబట్టి ఏ రోజుకారోజు కలుపుకోవాలి. టాయిలెట్ ఆసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన స్నానాల గదిలో అది ప్రాణాంతకం. ఆ రెండు సీసాలూ ఒకే చోట ఉంచకండి. శానిటైజరు రాసుకున్న చేతులతో పొయ్యి వెలిగించకండి. ఇంట్లో ఉన్నప్పుడు సబ్బుతో ఇరవై సెకన్లు కడగడమే మేలు.

పిల్లల రోజును కూడా కిటికీలను బట్టే కట్టాలి. అరుపులు, పాటలు, పరుగుల వల్ల నోట్లోంచి వచ్చే తుంపరలు మామూలు మాటల కన్నా బాగా ఎక్కువ. కాబట్టి గోల ఆటలన్నీ పొద్దున, సాయంత్రం ఆరుబయటో, కిటికీలు తెరిచిన వేళలోనో. మూసి ఉంచే మధ్యాహ్నం నిద్ర, చదువు, బొమ్మలు, పలకా బలపాలు. ఆన్‌లైన్ తరగతులు, ఉద్యోగం కాల్స్ ఒకే వేళకు వస్తే నెట్ చాలదు. పెద్దలు తమ వీడియో ఆపి మాటతో సరిపెట్టుకుంటే పిల్లల తరగతి నిలబడుతుంది. గంటల తరబడి ఫోన్లో మాట్లాడే మనిషి జనం ఉన్న హాల్లో కాకుండా కిటికీ పక్కన కూర్చోవాలి. రెండేళ్లలోపు పిల్లలకు మాస్కు పెట్టకూడదు. చెమటకు తడిసిన మాస్కులోంచి ఊపిరి ఆడటం కష్టం, ఎవరిదైనా సరే వెంటనే మార్చాలి.

కరెంటు గురించి ఒక్క మాట. కూలరు, ఇస్త్రీ పెట్టె, ల్యాప్‌టాప్‌లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించే ఇళ్లు చాలా ఉన్నాయి. ప్లగ్గు పట్టుకుంటే వెచ్చగా తగిలినా, కాలిన వాసన వచ్చినా వెంటనే తీసేయండి.

ఇప్పుడు జ్వరం. ఎండాకాలంలో ఒళ్లు వేడిగా ఉండటానికి రెండు కారణాలుంటాయి, వాటిని కలగాపులగం చేయడం ప్రమాదం. బయటి నుంచి వచ్చిన మనిషికి వెంటనే నుదుటి థర్మామీటరు పెడితే అంకె తప్పు వస్తుంది. అరగంట నీడలో కూర్చున్నాక చూడండి. దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, వాసన తెలియకపోవడంతో పాటు జ్వరం ఉంటే అది అంటుజబ్బే అనుకుని ఆ నిమిషం నుంచే వేరుచేయండి, పరీక్ష ఫలితం కోసం ఆగొద్దు. ఎండలోనో, ఉడికే గదిలోనో ఉన్న మనిషికి ఒళ్లు 40 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 104 దాటి, మాట తడబడినా, అయోమయంగా ఉన్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. పారాసెటమాల్ దానికి పనిచేయదు. జబ్బు జ్వరంలో మెదడే ఒంటి వేడి మట్టాన్ని పెంచుతుంది, మాత్ర ఆ మట్టాన్ని దించుతుంది. వడదెబ్బలో మట్టం మారదు, ఒళ్లు వేడిని వదిలించుకోలేకపోతోందంతే. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, ఫ్యాను వేసి, మెడ, చంకలు, గజ్జల్లో చల్లటి గుడ్డలో ఐసు పెట్టండి, అదే సమయంలో అంబులెన్సును పిలవండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. మామూలు జ్వరానికి పారాసెటమాల్ పెద్దలకు రోజు మొత్తం మీద 4 గ్రాములు మించకూడదు. జలుబు మాత్రల్లో కూడా అదే మందు ఉంటుంది, లెక్కలోకి తీసుకోండి. నీళ్లు తగ్గిన ఒంట్లో ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్ర మూత్రపిండాల మీద భారం.

రోగి గదిగా గాలి బయటికి పోయే వైపున్న గదిని ఎంచుకోండి. గాలి వీచే వైపు గది ఐతే అక్కడి గాలంతా ఇంట్లోకే వస్తుంది. కిటికీలో టేబుల్ ఫ్యానును బయటికి తిప్పి బిగించి, చుట్టూ ఉన్న సందులను అట్టతో మూయండి, లేకపోతే పంపిన గాలే పక్క నుంచి వెనక్కి వస్తుంది. హాల్లో ఒక కిటికీ తెరిచి ఉంచండి. తలుపు మూసి, దాని కింది సందు దగ్గర సన్నటి కాగితం పట్టుకోండి. కాగితం గదిలోకి వంగితే అమరిక సరిగా ఉన్నట్టు, బయటికి వంగితే ఫ్యాను చాలట్లేదు. ఈ ఫ్యాను ఉన్నప్పుడు తలుపు కింద తువ్వాలు కుక్కకండి, గాలి లోపలికి రావాల్సిన దారి అదే. ఫ్యాను లేకపోతేనే తువ్వాలు పెట్టాలి. కరెంటు పోతే వెంటనే పెట్టాలి. మూసిన ఆ గది ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కే గది కాగలదు. లోపల ఒక థర్మామీటరు ఉంచి, రోగితో ఫోన్లో అంకె చెప్పించుకోండి. వేడి భరించలేనంత ఐతే గది మార్చాలి తప్ప తలుపు తెరిచి పెట్టకూడదు.

సేవ చేసేది ఒక్కరే, పెద్దవాళ్ల బృందంలో లేనివాళ్లు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్కు, రోగికి కూడా మాస్కు. తిండి, నీళ్లు, ఓఆర్‌ఎస్ గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి తప్పుకోండి. స్నానాల గది విడిగా ఇవ్వలేకపోతే రోగి అందరికన్నా ఆఖరున వెళ్లాలి, ఆ తర్వాత ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, కిటికీ తెరిచి అరగంట వదిలేయాలి. బట్టలు విదిలించకుండా బుట్టలో వేసి, కుదిరితే 60 డిగ్రీల నీటిలో ఉతకండి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు రోజుకు మూడుసార్లు పెట్టాలి. ఐదు నిమిషాలు కూర్చున్నాక, గోరింటాకు గానీ గోళ్లరంగు గానీ లేని వేలికి పెట్టి, అంకె కుదురుకునేదాకా ఆగి, టైంతో సహా రాయండి. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్లకు ఇది అసలుకన్నా కాస్త ఎక్కువ చూపించగలదు కాబట్టి 94, 95 మధ్య ఊగుతుంటే నిశ్చింతగా ఉండకండి. 94 కన్నా తగ్గితే డాక్టరుకు ఫోను, 90 కన్నా తగ్గితే వెంటనే ఆస్పత్రి. అంకె ఎంతున్నా సరే, మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదవులు నీలంగా మారడం, లేపినా మగతగా ఉండటం కనిపిస్తే ఆగొద్దు.

రోజుల లెక్కలోనే కుటుంబాలు తరచు పొరబడతాయి. కోవిడ్ రోగి ఏకాంతం ముగించడానికి 2020లో అమెరికాలో పాటించిన లెక్క: లక్షణాలు మొదలైన రోజు నుంచి పది రోజులు దాటాలి, మందు వేసుకోకుండా చివరి 24 గంటలు జ్వరం ఉండకూడదు. తర్వాత ఈ లెక్కలు మారాయి, మీ దగ్గర ఆరోగ్యశాఖ ప్రస్తుతం చెప్పేదే పాటించండి. సేవ చేసిన మనిషి విడిగా ఉండాల్సిన గడువు మాత్రం రోగితో పాటు మొదలవదు. రోగికి ఏకాంతం ముగిసిన రోజున అది మొదలవుతుంది, ఎందుకంటే అప్పటిదాకా రోజూ అంటుకునే అవకాశం ఉంటూనే ఉంది. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి నిర్ధారణ ఐతే వాళ్లను ఒకే గదిలో ఉంచొచ్చు. పరీక్ష కాని అనుమానితుణ్ణి మాత్రం వాళ్లతో కలపకండి, అది ఉత్త జలుబే కావచ్చు.